టీకా కార్డు పోతే టీకా పోయినట్టేనా?

ప్రశ్న: మాది నారాయణఖేడ్. మా పక్కింటివాళ్లు ఏటా దసరా దాటాక చెరుకు నరకడానికి కర్ణాటక వెళ్లి, ఉగాదికి తిరిగి వస్తారు. ఈసారి అక్కడ గుడిసెలో పాప టీకాల కార్డు పోగొట్టుకున్నారు. పాపకు పదకొండో నెల. తల్లికి కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. టీకాలన్నీ మళ్లీ మొదటినుంచీ వేయించాలా? కార్డు ఫోనులో ఉంటే చాలంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: గాభరా పడవలసిన పని లేదమ్మా. పోయింది కాగితమే. వేసిన టీకా పాప ఒంట్లోనే ఉంది. అయితే ఆలస్యం చేయడానికి మాత్రం వీల్లేదు.

ముందు లెక్క చూద్దాం. పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి ఇస్తారు. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ వేస్తారు. ఇది కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే అయిదు జబ్బులనుంచి కాపాడుతుంది. మీరు రాసినదాన్నిబట్టి, ఇవన్నీ వలస వెళ్లకముందే నారాయణఖేడ్‌లో వేసి ఉండాలి. అలాగైతే ఆ వివరాలు మీ ఏ.ఎన్.ఎం. రిజిస్టరులో ఉంటాయి. 9 నెలలు నిండాక వేయవలసిన తట్టు-రుబెల్లా సూది మాత్రం చెరుకు తోటల్లో ఉండగా తప్పిపోయి ఉండవచ్చు. దానితోపాటే విటమిన్-ఏ మొదటి మోతాదు కూడా. తట్టు సామాన్యమైన జబ్బు కాదు. న్యుమోనియాకు, మెదడు వాపుకు దారితీస్తుంది. కార్డు దొరికేదాకా ఆగకండి.

రిజిస్టరులో కూడా దొరక్కపోతే? ఆధారం లేని టీకాను వేయనట్టే లెక్కించి వేస్తారు. ఒక మోతాదు అదనంగా పడితే సాధారణంగా హాని ఉండదు, పడకపోతేనే ప్రమాదం. పెంటావాలెంట్ ఏడాది నిండేలోపు మొదలుపెట్టాలి, పాపకు మిగిలింది కొద్ది వారాలే. మధ్యలో ఆగిన టీకాలను మాత్రం మొదటినుంచీ వేయనక్కరలేదు. ఆగినచోటినుంచి కొనసాగిస్తే చాలు.

ఇక ఫోను సంగతి. 2021లో కోవిడ్ టీకా వేయించుకున్నప్పుడు మీకు వచ్చిన ధ్రువపత్రం మీద నల్లటి గళ్ల చదరం గుర్తుందా? అందులో మీ వివరాలతోపాటు ఒక డిజిటల్ సంతకం దాగి ఉంటుంది. పత్రం మీ దగ్గరే ఉంటుంది. చూసేవాడు సంతకం అసలుదో కాదో సరిచూసుకుంటాడు. ఒక్క అక్షరం మార్చినా సంతకం కలవదు. దాని కోసం మీ ఊరి ఆఫీసును అడగనక్కరలేదు. పాత రోజుల్లో డాక్టరుగారి సంతకం, ముద్ర చూసి నమ్మినట్టే. ఎవరి పత్రం వారి దగ్గరే ఉండి, ఎక్కడికి వెళ్లినా చెల్లే ఇలాంటి ఏర్పాటునే వికేంద్రీకృత డిజిటల్ గుర్తింపు అంటున్నారు.

పిల్లల టీకాలకు 2023 జనవరిలో యు-విన్ అనే పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రారంభించి, తర్వాత దేశమంతటా విస్తరించారు. ఇందులో తల్లి ఫోను నంబరుతో బిడ్డ పేరు నమోదవుతుంది. కర్ణాటకలో టీకా వేయించినా వివరం ఇక్కడ కనిపించాలన్నదే దీని ఉద్దేశం. వలస కుటుంబాలకు ఇది నిజంగా మేలు. అయితే ఇది పూర్తిగా వికేంద్రీకృతం కాదు, అసలు లెక్క ప్రభుత్వ రిజిస్టరులోనే ఉంటుంది. కోవిడ్ టీకాల వివరాలు టెలిగ్రాంలో బయటికి పొక్కాయని 2023 జూన్‌లో వార్తలు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అందుచేత ఫోనును నమ్మండిగాని, జాగ్రత్తగా ఉండండి.

పక్కింటి తల్లికి ఈ నాలుగు మాటలూ చెప్పండి:

1. ఈ వారమే పాపను ఉపకేంద్రానికి తీసుకువెళ్లాలి. సాధారణంగా బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. కార్డు లేనంతమాత్రాన టీకా ఆపకూడదు. రిజిస్టరు చూసి కొత్త కార్డు రాసివ్వమని అడగాలి.

2. యు-విన్‌లో పాప పేరు ఉందో లేదో చూపించుకోవాలి. ఏ నంబరుతో నమోదైందో కార్డు మీద రాయించుకోవాలి. వలస వెళ్లినచోట సిమ్ మార్చేవారు ఈ సంగతి అసలు మరచిపోకూడదు.

3. కార్డుకు రెండువైపులా ఫోటో తీసి ఇద్దరి ఫోనుల్లో ఉంచాలి. అసలు కార్డును ప్లాస్టిక్ సంచిలో వేసి, రేషన్ కార్డుతోపాటు దాచాలి.

4. ఫోనుకు వచ్చే ఓ.టి.పి.ని ఫోన్ చేసి అడిగినవారికి చెప్పకూడదు. గళ్ల చదరాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు.

చివరిగా ఒక మాట. ఫోనులో ఎంత అందంగా కనిపించినా, రాయని టీకా అందులో ఉండదు. వేయని టీకా బిడ్డను కాపాడదు. వచ్చే దసరాకు వాళ్లు మళ్లీ బయలుదేరేముందు ఒకసారి ఏ.ఎన్.ఎం. గారిని కలవమనండి. పాపకు 16 నెలలు నిండాక తట్టు-రుబెల్లా రెండో మోతాదు, డి.పి.టి. బూస్టరు వేయించాలి. అప్పటికి పాప ఏ ఊళ్లో ఉన్నా సరే.