కజ్జలి

నా చిన్నతనంలో మా ఆమడగూరికి వైద్యుడు వచ్చాడంటే పిల్లలకు పండుగే. అరుగుమీద కల్వం పెట్టుకుని, పాదరసం, గంధకం వేసి పొద్దస్తమానం నూరేవాడు. వేలికి చిక్కని ఆ తళతళలాడే పాదరసం మెల్లగా కనుమరుగై, చివరికి కాటుకలాంటి పొడి మిగిలేది. అదే కజ్జలి. "పాదరసం శివుడు, గంధకం పార్వతి. ఇద్దరూ ఏకమయినారు రా అబ్బీ!" అనేవాడు. ఆ రెండూ కలిసి కొత్త పదార్థమవుతాయని తర్వాత బడిలో మాస్టారు చెబితే నాకేమీ వింతగా తోచలేదు.

ఆయనకు ప్రమాణం బసవరాజీయం. బసవరాజు వీరశైవుడు, మన తెలుగువాడు. సంస్కృత శ్లోకాల వెంట తెలుగు కూడా చేర్చి 25 ప్రకరణాలుగా రాశాడు. నాడీపరీక్ష, రసౌషధాలు, వాటి సరసనే ఏ రోగం ఏ పూర్వజన్మ పాపఫలమో కూడా అందులో ఉంటుంది.

ఇది మనవాళ్ల చాదస్తమే అనుకోకండి. 1493లో స్విట్జర్లాండులో పుట్టిన పారసెల్సస్ కూడా పాదరసం, గంధకం, ఉప్పు అన్నిటికీ మూలమన్నాడు. నక్షత్రాలు తెలియనిది వైద్యం కాదన్నాడు. 1527లో బాసెల్ నగరంలో లాటిన్ మాని జర్మన్ భాషలో పాఠం చెప్పి పండితుల ఆగ్రహానికి గురయ్యాడు. విషమా, మందా అన్నది మోతాదే తేలుస్తుందన్న మాట కూడా ఆయనదే. పాదరసం మూత్రపిండాలనూ నరాలనూ చెరుస్తుందని ఇప్పుడు మనకు తెలుసు.

మా చిన్నత్తకు పదహారో ఏట చేతిమీద బొల్లి మచ్చ లేచింది. వైద్యుడు నాడి చూశాడు, జన్మనక్షత్రం అడిగాడు, మాత్రలిచ్చాడు. ఆమెకు కీడు జరగలేదు, అదృష్టవంతురాలు! మచ్చ మాత్రం పోలేదు. అయితే వెళ్తూ వెళ్తూ, ఆమె వింటుండగానే, పోయిన జన్మలో చేసిన పాపమని మా అవ్వతో చెప్పిపోయాడు. మనిషి చెడ్డవాడు కాడు, పేదల దగ్గర దమ్మిడీ పుచ్చుకునేవాడు కాదు. కాని ఆ మాట ఊరంతా పాకింది. వచ్చిన సంబంధాలు వాకిట్లోంచే వెనక్కి పోయాయి. అత్త శుభకార్యాలకు వెళ్లడం మానేసింది.

చాలా ఏళ్లకు నేనే ఆమెను అనంతపురంలో చర్మవైద్యుడి దగ్గరకు తీసుకుపోయాను. చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడంవల్ల వచ్చే మచ్చ అని, అంటురోగం కాదని ఆయన నింపాదిగా చెప్పాడు.

బస్సులో అత్త కొంగు తొలగించి చెయ్యి చూసుకుంది.

"అయితే నేను చేసిందేమీ లేదన్నమాట" అంది.

అప్పటికి ఆమెకు యాభై రెండేళ్లు.