హంస శబ్దార్థం – పరమహంస నామధేయం

హంస అనగానే భక్తజనులకు ముందుగా స్ఫురించేది క్షీరనీర వివేకం. పాలను నీటినుండి వేరుచేయగల పక్షి కనుక సారాసార విచక్షణ కలవానిని హంసతో పోల్చుట, ఆ విచక్షణ పరాకాష్ఠకు చేరినవానిని పరమహంస అనుట ప్రవచనాలలో తరచుగా వినవచ్చే వ్యాఖ్యానం. ఈ వ్యాఖ్యానం దోషయుక్తమని అనుటకు వీలులేదు. అయితే ఇది హంస శబ్దానికి తరువాత అమరిన ఆభరణమే గాని మూలార్థం కాదు. మూలార్థం మరుగునపడినందువల్లనే నేడు 'పరమహంస' అనే మాట పేరుకు చివర చేర్చుకొనదగిన గౌరవ చిహ్నంగా, ఫ్లెక్సీలపై పెద్ద అక్షరాలతో ముద్రింపదగిన బిరుదుగా మారిపోయినది.

నిరుక్తకారుడైన యాస్కుడు హంస శబ్దాన్ని 'హన్' ధాతువునుండి నిష్పన్నం చేశాడు. ధాతుపాఠం ఈ ధాతువుకు హింస, గతి అనే రెండర్థాలను చెప్పినది. మార్గాన్ని హతం చేసేవి, అనగా ఎంతటి దూరాన్నైనా గడచి పోయేవి హంసలని యాస్కుని నిర్వచనం. కఠోపనిషత్తుకు భాష్యం వ్రాస్తూ శంకర భగవత్పాదులు కూడా గమనార్థాన్నే గ్రహించారు. ఈ నిర్వచనాలలో శ్వేతవర్ణం లేదు, నడక సొగసు లేదు, పాల ప్రసక్తి అసలే లేదు. ఉన్నదల్లా ప్రయాణం.

అమరకోశం హంసను మానససరోవరమే నివాసంగా గలదని చెప్పి, ముక్కు, పాదాల వర్ణాన్నిబట్టి మూడు భేదాలను చూపినది. అవి ఎఱ్ఱనైనచో రాజహంస, మలినవర్ణమైనచో మల్లికాక్షం, నల్లనైనచో ధార్తరాష్ట్రం. ఈ చివరి పేరు ధృతరాష్ట్ర పుత్రులకు కూడా చెల్లుతుంది కనుకనే భట్టనారాయణుడు వేణీసంహార నాటక ప్రస్తావనలో శరత్కాలంలో నేలకు దిగే హంసలను వర్ణిస్తున్నట్లే కౌరవుల పతనాన్ని సూచించగలిగాడు. ఆడహంసకు వరట అని వేరే పేరు కలదు. లాటిన్ భాషలోని 'అన్సెర్', జర్మన్ భాషలోని 'గాన్స్' ఈ శబ్దానికి సజాతీయాలే. ఆ రెండింటికీ అర్థం పెద్దబాతు. ఈ మాట విని భక్తులు నొచ్చుకొనవలసిన పనిలేదు. తలపై రెండు నల్లని చారలు గల ఒక జాతి పెద్దబాతు ప్రతి శీతకాలం టిబెట్ పీఠభూమిలోని సరస్సులనుండి హిమాలయాలను దాటి భారతదేశానికి వస్తుంది, వేసవి ముదిరేలోగా మరల ఉత్తరాభిముఖమవుతుంది. కవులు ఆ తిరుగు ప్రయాణాన్ని వర్షర్తువు ఆరంభానికి జరిపారు, అంతే. చిత్రపటాలలోని తెల్లని, పొడవైన మెడగల పక్షికన్న హిమగిరి శిఖరాలమీదుగా ఎగిరిపోయే ఈ పక్షియే యాస్కుని నిర్వచనానికి సన్నిహితం.

ఇక పాల విషయం. శుక్ల యజుర్వేదంలోని వాజసనేయి సంహిత 19వ అధ్యాయంలో నీటినుండి క్షీరాన్ని వేరుచేసి త్రాగిన పక్షి క్రౌంచం. ఆ వెంటనే వచ్చే మంత్రంలో హంస జలంనుండి వేరుచేసి త్రాగినది సోమాన్ని. కాలక్రమంలో క్రౌంచం పక్కకు తప్పుకొన్నది, సోమం మరుగైనది, క్షీరం హంసకు దక్కినది. తామరతూడులోని పాలవంటి రసమే ఆ క్షీరమని సమన్వయించినవారు కలరు. ఏది ఏమైనా, కావ్యలోకం ఒక పక్షి కీర్తిని మరొక పక్షికి ధారపోసినదన్నది మాత్రం స్పష్టం.

ఉపనిషత్తులు హంస శబ్దాన్ని ప్రయోగించిన తీరు ఇంకను ఆశ్చర్యకరం. శ్వేతాశ్వతరోపనిషత్తు ప్రథమాధ్యాయంలో హంస అనగా బద్ధజీవుడు. తాను వేరు, తనను ప్రేరేపించేవాడు వేరు అని తలచి బ్రహ్మచక్రంలో గిరగిర తిరిగేది ఆ హంస. తృతీయాధ్యాయంలో తొమ్మిది ద్వారాల పురంలో ఉండి వెలుపలి విషయాలవైపు చలించేదీ హంసయే. షష్ఠాధ్యాయానికి వచ్చేసరికి ఈ భువనమధ్యంలో ఉన్న ఏకైక హంస సాక్షాత్ పరమాత్మ. వివేకమొక్కటే హంస లక్షణమైతే, అవివేకంతో తిరుగాడే జీవునికి ఉపనిషత్తు ఆ పేరు పెట్టదు. బద్ధునికీ, ముక్తునికీ, ఈశ్వరునికీ ఒకే నామం అమరుటకు కారణం గమనమే: ఒకడు చక్రంలో తిరుగుతాడు, ఒకడు దాటిపోతాడు, ఒకడు సర్వశరీరాలలో సంచరిస్తాడు.

విష్ణుసహస్రనామంలో 191వ నామం హంస. 'అహం సః' – 'నేను అతడే' అనే భావన గలవారి సంసారభయాన్ని హతం చేసేవాడు అని ఒక అర్థం, సకల శరీరాలలో ప్రవేశించేవాడు అని మరొక అర్థం శంకరభాష్యంలో కలవు. హన్ ధాతువులోని హింస, గతి రెండూ ఇక్కడ ఒకే నామంలో సమావేశమైనవి. యోగోపనిషత్తులు దీనినే శ్వాసకు అన్వయించి, హకారంతో వెలువడి సకారంతో లోనికి ప్రవేశించే ప్రాణం అహోరాత్రంలో 21,600 పర్యాయాలు హంసమంత్రాన్ని జపిస్తున్నదని చెప్పినవి. ఇది ఊహించి వేసిన లెక్క కాదు. సూర్యసిద్ధాంతం ప్రకారం 6 ప్రాణాలు ఒక విఘడియ, 60 విఘడియలు ఒక ఘడియ, 60 ఘడియలు ఒక దినం. గణించి చూచినచో సరిగా అదే సంఖ్య వస్తుంది. గురువు ఉపదేశించకమునుపే, దీక్ష పుచ్చుకొనకమునుపే ప్రతి ప్రాణియు ఈ అజపను జపిస్తూనే ఉన్నదని దీని ఫలితార్థం. ఇది ఎవరికీ ప్రత్యేకంగా దక్కిన సొత్తు కాదు.

మరి పరమహంస? ఈ పదం సన్న్యాసంలో ఒక స్థితికి పేరు. కుటీచకుడు, బహూదకుడు, హంస, పరమహంస అని భిక్షుకోపనిషత్తు నలుగురిని చెప్పినది. వీరిలో హంస అనబడే యతికి విధించిన నియమం గమనింపదగినది: గ్రామంలో ఒక రాత్రి, నగరంలో అయిదు రాత్రులు, పుణ్యక్షేత్రంలో ఏడు రాత్రులు, అంతకుమించి నిలువరాదు. యాస్కుడు పక్షియందు చూచిన గమనమే ఇక్కడ యతిధర్మమైనది. పరమహంసకు చెట్టునీడ, పాడుబడిన ఇల్లు, శ్మశానం నివాసాలు. పరమహంసోపనిషత్తు మరింత కఠినంగా, అట్టివాడు బంగారాన్ని ఆసక్తితో చూడరాదు, తాకరాదు, గ్రహింపరాదు అని శాసించినది. స్వర్ణసింహాసనంపై ఆసీనులై ఈ నామాన్ని ధరించేవారి విషయంలో ఇతర పరీక్షలతో పనిలేదు. ఈ ఒక్క నియమం చాలును. తాళపత్రాలలో వ్రాతగాడు విడిచిన అక్షరాన్ని పైన చేర్చుటకు వేసే పక్షిపాదం వంటి గుర్తును తెలుగువారు హంసపాదు అన్నారు, మొదటి పంక్తిలోనే ఆ గుర్తు పడినచో 'ఆదిలోనే హంసపాదు' అన్నారు. బిరుదుతో ప్రారంభమైన సన్న్యాసానికి ఈ సామెత అక్షరాలా సరిపోతుంది.

భిక్షుకోపనిషత్తు పరమహంసలుగా పేర్కొన్నవారిలో శ్వేతకేతువు, దత్తాత్రేయుడు, వామదేవుడు, జడభరతుడు ఉన్నారు. భరతునికి లోకం ఇచ్చిన బిరుదు 'జడుడు'. అతడు దానిని సవరించే ప్రయత్నం చేయలేదు, పల్లకీ మోయుమన్నచో మోశాడు. శ్రీరామకృష్ణులను పరమహంస అని పిలిచినది ఇతరులే. నాణెం తగిలినచో ఆయన చేయి వంకరపోయేదని శిష్యులు వ్రాసి ఉంచారు. ఇట్టివారియందు ఆ నామం చెల్లుబాటైనది. శిష్యులు తమ గురువును ప్రేమతో ఆ పేరున పిలుచుకొనుటలో తప్పేమున్నదని అడిగేవారు ఉంటారు. ప్రేమకు ఎన్నో పేర్లు కలవు. ఒక స్థితికి, దానికి తగిన నియమాలతో శ్రుతి నిర్ణయించిన పేరును ప్రేమకొలది పంచిపెట్టినచో, నిజంగా ఆ స్థితిని అన్వేషించే సాధకునికి దారి గుర్తు చెరిగిపోతుంది. నష్టపోయేది అతడే.

భాగవతం ఏకాదశ స్కంధంలో సనకాదులు చిత్తానికీ విషయాలకూ గల బంధం వీడేదెట్లని ప్రశ్నించగా, సృష్టికర్మలో మగ్నమైన బుద్ధి గల బ్రహ్మకు సమాధానం తోచలేదు. అప్పుడు భగవానుడు హంసరూపంలో వచ్చాడు. 'నీవెవరవు?' అని వారు అడిగారు. ఆత్మ ఒక్కటే అయినప్పుడు ఈ ప్రశ్న ఎట్లు పొసగునని హంస ఎదురు ప్రశ్న వేసినది.  ఆ స్కంధంలోనే మరొకచోట, కృతయుగంలో మనుష్యులందరికీ ఉన్నది ఒకే వర్ణమనీ, దాని పేరు హంస అనీ చెప్పబడినది.

తెలుగు పల్లెలలో నేటికీ ఎవరైనా కన్నుమూసినచో 'హంస లేచిపోయింది' అంటారు. పోయినవాడు పండితుడో, పశువుల కాపరియో ఆ మాటను బట్టి తెలియదు.