కిటికీలో అరుగు



మా పేట పేరు జహనుమా. పారసీకంలో ‘జహాన్’ అంటే లోకం, ‘నుమా’ అంటే చూపించేది. పక్కనే 1884లో పునాది పడిన ఫలక్‌నుమా ఆకాశాన్ని చూపితే, మాది లోకాన్ని చూపుతుందన్నమాట. కిటికీకి ఇంతకన్న చక్కని పర్యాయపదం నాకు కనబడలేదు. మన గవాక్షము ఆవు కన్ను. (ఈ సంధికోసం పాణిని ప్రత్యేకించి స్ఫోటాయనుని పేరు తలచుకొన్నాడు. పాత అలవాటు, చెప్పక ఉండలేను.) ఆంగ్లేయుల ‘విండో’ కూడ పాత నార్సు భాషలో ‘గాలి కన్ను’ అనే మాటనుండి వచ్చినదే. అక్కడా ఇక్కడా కిటికీని కన్నుగా భావించారు. మనమేమో దానికి అడ్డంగా బీరువా పెడుతున్నాము.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే, మా ఇంటిపైన అంతస్తు లేస్తున్నది. అందులో ఎనిమిదేళ్ళ మనుమరాలికి ఒక గది. కిటికీ కింద సొరుగుల చెక్కపెట్టె చేయించి పైన పరుపు వేస్తే, కూర్చోవడానికీ సామానుకూ పనికివస్తుందని మా అబ్బాయి వాదన. నా అభిప్రాయం వేరు. సొరుగున్న చోట సామాను చేరుతుంది, చేరిన సామాను పైకి ప్రాకుతుంది. ఏడాది తిరక్కుండా పిల్ల కూర్చోవలసిన చోట ఇస్త్రీకి వేయవలసిన బట్టల మూట కూర్చుంటుంది.

పూర్వం ఈ ఆలోచనే అక్కరలేదు. డంగుసున్నపు ఇళ్ళలో గోడ రెండడుగుల మందం. కిటికీ గూడే పిల్లలకు పీట. ఇప్పటి తొమ్మిదంగుళాల ఇటుక గోడలో ఆ చోటు లేదు, కావాలని కట్టుకోవలసిందే. వీధి అరుగులు (మా వైపు చబూత్రాలంటారు) చాలవరకు మెట్లలోనో రోడ్డులోనో కలిసిపోయినవి. మిగిలిన వాటిమీద కూర్చునేది మగపిల్లలే. ఆడపిల్ల తీరికగా కూర్చుని వీధిని చూడగల చోటు ఏది? అందుకే అరుగు గదిలోకి రావాలంటాను. ఆ నాలుగడుగులు ఆమె వాటా.

కట్టే పద్ధతి సులభమే. రెండు కొసలా ఇటుక కట్టుబడి లేపి, నడుమ మరొక ఆధారం నిలిపి, పైన తాండూరు బండ పరిస్తే చాలు. ఎత్తు పదిహేనంగుళాలు, వెడల్పు ఇరవై, పొడవు నాలుగడుగులు. కాళ్ళు చాపుకొని పుస్తకం చదువుకోగలగాలి. బండ అంచును గుండ్రంగా అరగదీయించాలి. వేసవిలో బండ చల్లన, చలికాలానికి పాతచీరల బొంత ఉండనే ఉన్నది. పడమటి కిటికీకి మాత్రం ఈ పని వద్దు. మన ఎండలకు మధ్యాహ్నం మూడు దాటితే అక్కడ ఎవరూ కూర్చోలేరు.

భయపడవలసినది ఒక్కటున్నది. పిల్ల అరుగుమీద నిలబడుతుంది. కనుక కిటికీ ఎత్తును అరుగునుండి లెక్కించాలి, నేలనుండి కాదు. ఇనుప కడ్డీలు నిలువుగానే ఉండాలి. అడ్డకడ్డీలూ పూల డిజైన్లూ పిల్లలకు నిచ్చెనమెట్లు. కడ్డీకీ కడ్డీకీ నడుమ సందు నాలుగంగుళాలు మించరాదు. చట్రం గోడలోకి దిగి సిమెంటుతో బిగియాలి, నాలుగు మేకులు కొట్టి సరిపెట్టరాదు. మేస్త్రీ అప్పుడే లతల నమూనా గ్రిల్లు చూపించాడు, చవకట కూడ. వద్దన్నాను.

మా అబ్బాయి సొరుగుల మాట ఇంకా వదలలేదు. అరుగు కింద తలుపుల్లేకుండా తెరచి ఉంచి, పుస్తకాలకు ఒక అర వేద్దామన్నాను. దానికి తల ఊపాడు. బండ ఎల్లుండి వస్తుందట.