చేతుల కుర్చీ ఎవరి చేతిది?

మన విజయనగరంలో పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. పంపకాల్లో స్థలానికి వాటాలుంటాయి, బంగారానికి తగువులుంటాయి. వసారాలోని చెక్కుడు పని చేతుల కుర్చీ మాత్రం ఎవరికీ అక్కర్లేదు. "అడ్డం, ఎంతో కొంతకి ఇచ్చెయ్" అంటారు. ఇవ్వొద్దని నేననను. ఇచ్చేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు అడగండంటాను.

పక్కనున్న విశాఖపట్నం సంగతే చూడండి. 18వ శతాబ్దంలో అక్కడి పనివాళ్లు ఇంగ్లీషు నమూనాల్లో కుర్చీలు చేసి, ఏనుగు దంతం తాపి, దానిమీద పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. రూపం దొరలది, పనితనం మనది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్‌కి చెందిన అలాంటి దంతపు కుర్చీలను 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జి తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. కుర్చీలు ఎవరివో తెలుసు, కొన్నదెవరో తెలుసు. మరి చెక్కినవాడి పేరేదీ?

మన ఇళ్లలోని కుర్చీలకూ అదే గతి పట్టనివ్వాలా? ఓసారి తిరగేసి చూడండి. బిగించినవి చెక్క చీలలా, ఇనప మేకులా? పేము అల్లిక పాతదా, మార్చిందా? బర్మా టేకు అంటారు సరే, ఊరికే అన్నమాటా, రంగూన్‌లో పనిచేసిన తాతగారు తెచ్చిందా? మన జిల్లాల నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు, 1942లో జపాన్ దాడితో కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు తక్కువేం కాదు. "ఇది రాజావారి కోటలోదండీ" అని వ్యాపారి అంటే మురిసిపోకండి, కాగితం చూపించమనండి. కుర్చీకి రెండు సింహాలు చెక్కినంతలో అది సింహాసనం అయిపోదు.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఇంట్లోనే ఉంది. ఆ కుర్చీలో తాతగారు కూర్చున్నారు. నగిషీ సందుల్లో దుమ్ము తుడిచింది మామ్మ. మామగారి ఎదుట కోడలు కుర్చీలో కూర్చోవడమా, అమ్మో! కానీ ఏ పెళ్లికి కొన్నారో, ఏ వడ్రంగి చేశాడో, చెయ్యి విరిగితే ఎవరు అతికారో ఆవిడకే గుర్తు. అదంతా ఓ కాగితం మీద రాయండి. వడ్రంగి పేరు ముందు రాయండి, మామ్మ పేరు కూడా రాయండి. కుర్చీ ఎవరింటికి వెళ్లినా ఆ కాగితం వెంట వెళ్లాలి.

అడిగేటప్పుడు మాత్రం మామ్మని కింద కూర్చోబెట్టకండి. ఆ కుర్చీలోనే కూర్చోబెట్టండి.