గోడ దాటిన పాఠం

బడి ప్రహరీ దాటి పేరు తెచ్చుకున్న ఉపాధ్యాయుణ్ణి ప్రచారం కోసం పాకులాడేవాడిగా చూడటం మన విద్యారంగానికి అలవాటు. దీన్ని నేను అంగీకరించను. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ సంగతే చూడండి. బోస్టన్‌లో ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తూ ఆ అకాడమీ వ్యవస్థాపకుడు సల్మాన్ ఖాన్ 2004లో న్యూ ఆర్లీన్స్‌లోని బంధువుల అమ్మాయికి దూరం నుంచే లెక్కలు చెప్పారు, 2006 నుంచి పాఠాలను యూట్యూబ్‌లో అందరి ముందూ పెట్టారు. ఉపాధ్యాయ శిక్షణ పట్టా లేని మనిషికి గురువన్న గుర్తింపు అలా వచ్చింది. లక్షల మంది చూసినంత మాత్రాన పాఠం మంచిదవుతుందా అంటారు, న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబూ అక్కడే ఉంది. ధన, రుణ సంఖ్యల గుణకారంపై ఆయన పాఠంలోని లోపాలను 2012లో మిషిగన్‌కు చెందిన ఇద్దరు ఆచార్యులు వీడియో తీసి మరీ ఎత్తిచూపారు. రోజుల్లోనే ఆ పాఠం మారింది. అదే పొరపాటు నాలుగు గోడల మధ్య జరిగితే పిల్లలు నోట్సులో దించుకుని, పరీక్షలోనూ అలాగే రాసేవారు, తప్పని చెప్పేదెవరు? మనం మాత్రం ఉపాధ్యాయుడి ప్రతిభను ఉత్తీర్ణత శాతంతోనూ, ఎప్పుడో జరిగే తనిఖీతోనూ కొలుస్తున్నాం. తోటివారు చూసి, తప్పుపట్టి, తమ తరగతుల్లో వాడుకున్న పాఠాలకూ సర్వీసు రిజిస్టరులో చోటివ్వాలి. అక్కడ రాయాల్సింది ఎంతమంది చూశారన్నది కాదు, ఎవరు ప్రశ్నించారు, ఆ ఉపాధ్యాయుడు ఏం సరిదిద్దుకున్నారు అన్నది.