పులుపు మీద పగ

“పులిసిన సల్ల తాగుతవు, పచ్చిపులుసు పోసుకుంటవు, మళ్ల కడుపుల మంటంటవు. ఆసిడ్ పెరగకుంటే ఏమైతది పెద్దమ్మా? పులుపు బంద్ చెయ్. పొద్దుగాల్నే పరగడుపున ఈ గోలీ ఏస్కో. రోజూ ఏస్కో.”

మా నల్లగొండ జిల్లా హాలియాలో ఈ మధ్య ఒక మందుల దుకాణం ముందు చెవినపడిన మాటలివి. చెప్పినవాడికి ముప్పై ఏళ్ళు నిండి ఉండవు. విన్న ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. ఇన్నేళ్ళూ నాట్లకూ కలుపులకూ ఆమె వెంట వెళ్ళిన సద్దీ సల్లా నిలబడ్డపాటున దోషులైపోయాయి. గోలీకి మాత్రం యావజ్జీవ నియామకం దొరికింది. ఆమె తలూపి, పైసలిచ్చి పోయింది.

ఆ పిల్లవాణ్ణి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. బస్సులో పక్క సీటాయనదీ, పెళ్ళి భోజనాల దగ్గర వేలువిడిచిన మేనమామదీ, ఫోన్ తెరిస్తే తెల్లకోటుతో ప్రత్యక్షమయ్యే పెద్దమనిషిదీ ఇదే పాట. కడుపులో ఆసిడ్ చెడ్డదట, పులుపు దాన్ని పెంచుతుందట, గోలీ దాని పని పడుతుందట. మూడింట్లో మొదటిది అబద్ధం, రెండోది అజ్ఞానం, మూడోది వ్యాపారం.

లెక్క చూద్దాం. జఠరరసంలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పరగడుపున దాని పీహెచ్ 1.5 నుంచి 2 దాకా ఉంటుంది. బాగా పులిసిన మజ్జిగది 4కు అటూ ఇటూ. ఈ కొలతలో ఒక్కో అంకె తగ్గితే పులుపు పదిరెట్లు పెరిగినట్టు. అంటే చెంబులోని సల్ల కంటే మీ కడుపే వందరెట్లకు పైగా పుల్లన. చింతపండు పులుసు కూడా దాని ముందు దిగదుడుపే. అలాంటి కడుపులో చారెడు పచ్చిపులుసు పడితే ఆసిడ్ పొంగిపోతుందని భయపెట్టేవాడు ఈ చిన్న లెక్క ఎన్నడైనా వేశాడా? లోపలి ఆమ్లం గొంతుదాకా ఎగదన్నే జబ్బున్న కొందరికి పులుపూ కారమూ చాయీ మంట పుట్టిస్తాయి, నిజమే. వాళ్ళు మానుకోవచ్చు. వాళ్ళ పథ్యం ఊరందరికీ ఎందుకు?

అసలు ఈ ఆమ్లం మన లోపల ఎందుకుంది? పప్పులోనూ మాంసంలోనూ ఉన్న ప్రోటీన్‌ను విడగొట్టే పెప్సిన్ దాని అండ లేనిదే పనిచేయదు. గుడ్డుకూ మాంసానికీ అంటిపెట్టుకుని ఉండే బి12ను విడిపించేది అదే. జొన్నల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటబట్టాలన్నా అదే కావాలి. అన్నిటికీ మించి అది కావలి మనిషి. 1970ల్లో అమెరికాలోని మేరీలాండ్‌లో, ఇష్టపడి ముందుకొచ్చిన ఆరోగ్యవంతులకు కలరా క్రిములు తాగించి చూశారు. ఉత్త నీళ్ళలో కోట్లకు కోట్లు ఇచ్చినా చాలామందికి ఏమీ కాలేదు. సోడా ఉప్పుతో ఆమ్లాన్ని అణచి ఇచ్చేసరికి పది లక్షల క్రిములే సరిపోయాయి. వాగు నీళ్ళూ చేదబావి నీళ్ళూ తాగి మన తాతలు బతికి బట్టకట్టారంటే అందులో ఈ కావలికి వాటా ఉంది. ఆ కావలిని రోజూ పొద్దున్నే మత్తుపెట్టి పడుకోబెట్టడాన్ని మనం వైద్యమంటున్నాం.

పొడి పొట్లాల సంగతి చెప్తే నవ్వొస్తుంది. ఈనో లాంటి పొడిలో ఉండేది ముఖ్యంగా సోడా ఉప్పు, నిమ్మ ఉప్పు. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగేది కార్బన్ డయాక్సైడ్. కడుపులోకి పోయాక ఆమ్లంతో కలిసి మరింత పుడుతుంది. గ్యాసు పోవడానికని మింగింది గ్యాసునే పుట్టిస్తుంది. అది తేన్పై బయటికి రాగానే “ఆఁ, గ్యాసు పోయింది” అని మనవాళ్ళు పొట్ట తడుముకుంటారు. బీపీ ఉన్నవాళ్ళ ఒంట్లోకి అందులోని సోడియం ఊరికే చేరుతుంది.

నా అసలు తగవు గోలీతో. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లంటే పొద్దస్తమానం బురదలో నడుం వంచి నిలబడటం. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, మోకాళ్ళు పీకుతాయి. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒక డైక్లోఫెనాక్ సూది, నాలుగు ఒళ్ళునొప్పుల గోలీలు. కడుపు గోడ మీద జిగురు పొర ఊరడానికి ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. నొప్పిగోలీ వాటిని పుట్టనివ్వదు. పొర పలచబడుతుంది, ఆమ్లం గోడను తాకుతుంది. ముందు మంట, తర్వాత పుండు. ఆ మంటతో మళ్ళీ అదే మనిషి దగ్గరికి పోతే ఆయన అడిగే మొదటి ప్రశ్న: “పులుపు తిన్నవా?” నేరం చేసింది నొప్పిగోలీ, పోలీసులు పట్టుకుపోయింది పచ్చిపులుసును!

వయసు మళ్ళినవాళ్ళకూ, లోగడ అల్సర్ వచ్చినవాళ్ళకూ నొప్పిగోలీ తప్పనప్పుడు గ్యాస్ గోలీ తోడు కావాల్సిందే. అది చదువుకున్న డాక్టరు చూసి రాసే మాట. జ్వరానికి గ్యాస్ గోలీ, దగ్గుకు గ్యాస్ గోలీ, చెవిపోటుకు గ్యాస్ గోలీ, పిల్లవాడి గజ్జికీ గ్యాస్ గోలీ రాయడం ఏ శాస్త్రంలో ఉంది? పాంటాప్రజోల్ పట్టీ వెనక ఎర్రగా షెడ్యూల్ హెచ్ అని అచ్చువేసి ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం. మన అంగళ్ళలో దాన్ని పిప్పరమెంటు బిళ్ళలా అమ్ముతున్నారు.

దాంట్లో డోంపెరిడోన్ కలిపిన జంట గోలీ మరీ పేరుమోసింది. ఆ డోంపెరిడోన్ గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉందని 2014లో ఐరోపా మందుల నియంత్రణ సంస్థ దాన్ని వాంతులకూ వికారానికీ మాత్రమే పరిమితం చేసింది. మామూలుగా వారం దాటి వాడవద్దంది. మన దగ్గర ఏళ్ళకేళ్ళు వాడుతున్నారు. పాంటాప్రజోల్‌కు ముందు రాజ్యమేలిన రానిటిడిన్ ఏమైంది? క్యాన్సర్ కారకం కావచ్చన్న కల్మషం బయటపడి 2020లో అమెరికాలో అంగళ్ళ నుంచి తీయించారు. 2022లో మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోంచి కూడా తీసేశారు. నిన్నటిదాకా “ఏం కాదు, ఏస్కో” అన్న నోళ్ళు ఆ రోజు ఒక్కమాటైనా మాట్లాడాయా?

2009లో డెన్మార్క్ పరిశోధకులు కడుపు జబ్బేమీ లేనివాళ్ళకు పాంటాప్రజోల్ జాతి గోలీలు 8 వారాలు ఇచ్చి ఆపేశారు. ఆపాక నూటికి నలభై మందికి పైగా మంటా పుల్ల తేన్పులూ మొదలయ్యాయి. అణచిన ఆమ్లం ఎదురు తిరిగిందన్నమాట. లేని జబ్బును గోలీయే తెచ్చింది. “ఆపితే మంటొస్తుంది, కాబట్టి నాకు గోలీ కావాల్సిందే” అనుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో! ఇంతకంటే నమ్మకమైన గిరాకీ ఏ వ్యాపారికి దొరుకుతుంది?

మా ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. రక్తం తక్కువుందని ఒక చేతిలో ఐరన్ గోలీ పెడతారు. ఆ ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వని గ్యాస్ గోలీ రెండో చేతిలో పెడతారు. ఇనుము ఒంటబట్టడానికి సాయం చేసే పులుపును పళ్ళెంలోంచి తీసేయమంటారు. ఏళ్ళ తరబడి గోలీ మింగి బి12 తగ్గి, అరికాళ్ళు తిమ్మిరెక్కితే బలం సూది పొడుస్తారు. పోగొట్టిందీ వాళ్ళే, తిరిగి అమ్మిందీ వాళ్ళే.

నొప్పిగోలీ కాక పుండుకున్న మరో పెద్ద కారణం తెలియక కాదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమిని ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ పట్టుకున్నారు. లోకం నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములను తనే తాగి, జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన దేశంలో పెద్దవాళ్ళలో సగానికి పైగా దీన్ని మోస్తున్నారు. చాలామందికి ఏమీ కాదు. పుండు పడినవాళ్ళకు రెండు వారాల యాంటీబయాటిక్ వైద్యంతో తగ్గుతుంది. దానికి ఊపిరి పరీక్షో మలపరీక్షో చేయాలి. పరీక్షకు ముందు రెండు వారాలు గ్యాస్ గోలీ ఆపాలి, లేకపోతే ఉన్న క్రిమి కూడా లేనట్టు కనిపించవచ్చు. రోజూ గోలీ మింగేవాడికి జబ్బు ఎట్లా దొరుకుతుంది?

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఛాతీలో మంట, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం. “గ్యాసు పట్టింది” అని పొడి తాగించి మంచంలో పడుకోబెడతారు. గుండెపోటు అని తేలేసరికి తెల్లారుతుంది. గ్యాసు అనే ఒక్క పదం చాటున ఎన్ని చావులు దాక్కున్నాయో!

నల్లగొండలో కడుపుమంట గురించి మాట్లాడేవాళ్ళెవరైనా నీళ్ళ గురించి మాట్లాడకుండా ఉంటే వాళ్ళను నేను నమ్మను. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దికీ రాశాడు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ నీరీ సంస్థ 1970ల్లో మన జిల్లా పేరే పెట్టింది. పేరు మిగిలింది, నీళ్ళ కోసం జనం ఇంకా నాలుగు దశాబ్దాలు ఎదురుచూశారు. 2016లో మిషన్ భగీరథ మొదలైంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వంగిన కాళ్ళను అందరూ ఫొటోలు తీశారు. అదే ఫ్లోరైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమై గోడను కాలుస్తుందనీ, ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళలో కడుపునొప్పి, వికారం, అరగకపోవడం సాధారణమనీ ఎవరు చెప్పారు? తరతరాలు బోరునీళ్ళు తాగినవాడి కడుపుమంటకు కూడా సల్లనే తిట్టారు.

కడుపుమంట పెరిగిందని గోల చేసేవాళ్ళు కంచంలో ఏం మారిందో చూడరు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళొదిలారు. జొన్నచేలూ సజ్జచేలూ వరిమళ్ళయ్యాయి. గట్క, అంబలి పేదరికానికి గుర్తయ్యాయి. మిర్యాలగూడ మిల్లుల్లో తెల్లగా పాలిష్ పట్టిన సన్నబియ్యం మూడుపూటలా పరువైంది. మైసూరులో 1950, 60లలో పనిచేసిన ఇంగ్లీషు సర్జన్ ఫ్రాంక్ టోవీ ఒక సంగతి గమనించాడు. చిన్నపేగు మొదట్లో పడే పుండ్లు తెల్లన్నం తినే ప్రాంతాల్లో ఎక్కువ, ముడి గోధుమలూ కొన్ని చిరుధాన్యాలూ తినే ప్రాంతాల్లో తక్కువ. అదొక్కటే కారణమని నేననను. పులుపును దోషిని చేయడానికి తొందరపడ్డవాళ్ళు తెల్లన్నాన్ని ఒక్క ప్రశ్నా అడగలేదని మాత్రం అంటాను.

ఇక అవతలి పక్షం. వీళ్ళకు సద్దన్నం అమృతం. రాత్రంతా నానబెడితే అన్నంలో ఇనుము 3.4 నుంచి 73.9 మిల్లీగ్రాములకు పెరుగుతుందట! ఇనుము మూలకం బాబూ, నీళ్ళలో మొలకెత్తదు. పులియడంలో ఫైటేట్లు తగ్గి, ఉన్న ఇనుము కొంత బాగా ఒంటబట్టవచ్చు. అది చాలదా? పాలు పడనివాళ్ళకు పెరుగు పడటానికి కారణం, లాక్టోజ్‌ను సూక్ష్మజీవులు ముందే కొంత తినిపెట్టడం. ఈ మాత్రం నిజం చాలు, మహత్యాలు అక్కర్లేదు. పీహెచ్ 8 దాటిన ఆల్కలైన్ నీళ్ళ సీసాలవాళ్ళ గురించి ఏం చెప్పను? ఆ నీళ్ళు గొంతు దిగి ఆమ్లంలో పడగానే కథ ముగుస్తుంది. అమ్మమ్మ సల్లకుండను పడగొట్టి, అదే పులుపును కొంబుచా పేరిట సీసాలో నింపి పట్నంలో కొనిపించుకోవడం మన కాలపు తెలివి. కల్లు కూడా పులిసినదేగా, మంచిదేగా అంటారు మావాళ్ళు. చెట్టు కిందది వేరు. క్లోరల్ హైడ్రేటూ అల్ప్రాజోలమూ కలిపి దుకాణంలో అమ్మేది విషం.

మరి ఏం చేయమంటావని అడుగుతారు. రాత్రి తొందరగా తినండి, తిన్నవెంటనే పడుకోకండి, జర్దా, గుట్కా, మందు మానండి, వారంలో కొన్ని పూటలైనా జొన్నో సజ్జో వండండి, సల్ల తాగండి. ఇందులో కొత్త ఏమీ లేదు, అమ్ముకోవడానికీ ఏమీ లేదు. నల్లటి మలం, రక్తపు వాంతి, ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే మాత్రం మందుల దుకాణం దాటి నేరుగా పెద్దాసుపత్రికి పోండి. డాక్టరు కారణం చెప్పి రాసిన గోలీని నా వ్యాసం చదివి ఆపకండి.

తక్కినవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. ఇకమీదట గ్యాస్ గోలీ చేతిలో పెట్టినవాణ్ణి రెండు ప్రశ్నలడగండి: ఏ జబ్బుకు? ఎన్ని రోజులు? రెండింటికీ జవాబు చెప్పలేనివాడి దగ్గర ఆ గోలీ కొనకండి.