క్లబ్బులకు మద్యపు లైసెన్సులు

శేరిలింగంపల్లి ప్రాంతమునందు సభ్యుల క్లబ్బులకు మద్యము నొసంగుటకును, సంగీత నృత్యాది వినోదములు జరుపుటకును ప్రభుత్వము అనుజ్ఞ నీయవచ్చునా, యీయవచ్చునేని యే నిబంధనలకు లోబరచి యీయవలెను అను ప్రశ్న పైకి చిన్నదిగా కనబడును గాని నిజమునకు చిన్నది కాదు. ఆ ప్రాంతమున కాపురముండు గృహస్థుల నిద్రకును, స్త్రీల రాకపోకలకును, యువకుల భవిష్యత్తునకును దీనితో సంబంధము కలదు. అంతకంటెను ముఖ్యముగా, పేదవాని కొక ధర్మము, ధనికుని కొక ధర్మము నుండవచ్చునా యను విషయము దీనియందు ఇమిడియున్నది. కావున దీనిని గూర్చి మా యభిప్రాయమును నిష్కర్షగా తెలుపుట కర్తవ్యమని తలంచుచున్నాము.

శేరిలింగంపల్లి యొకప్పుడు చెరువులను నమ్ముకొని సాగుచేసికొను పల్లెల సముదాయము. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము గచ్చిబౌలి నేలపై వెలసెను. 1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్సు భవనమును నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. 2003లో సైబరాబాదు పోలీసు కమిషనరేటు ఏర్పడెను. 2007లో ఇచ్చటి పురపాలక సంఘము గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమయ్యెను. ఒక్క తరములో జొన్నచేలు అద్దాల మేడలైనవి. నానా రాష్ట్రముల నుండి వచ్చిన యువతీయువకులు, తలిదండ్రులకు దూరముగా, చేతినిండ జీతముతో, పరదేశపు గడియారము ననుసరించి పనిచేయుచున్నారు. తీరిక వేళల కలిసికొనుటకు వీరి కొక చోటు కావలెననుట న్యాయమే. గ్రంథాలయము, వ్యాయామశాల, ఈతకొలను, నాటకశాల గల క్లబ్బులు ఎన్ని వెలసిన నంత మేలు. మేము క్లబ్బులకు విరోధులము కాము. క్లబ్బు పేరుపెట్టి మద్యపు టంగడి నడపుటకు మాత్రము విరోధులము.

మొదట చట్టము సంగతి చూతము. మద్యము నమ్ముట పౌరునికి పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. అది ప్రభుత్వము తన యిష్టము చొప్పున, తాను విధించిన షరతులపై ఒసంగు అనుమతి మాత్రమే. మత్తుపానీయముల వర్తకము ప్రాథమిక హక్కులలోనిది కాదని సుప్రీముకోర్టువారు ఖోడే డిస్టిల్లరీసు వ్యాజ్యములో 1994లో స్పష్టముగా తీర్పు చెప్పియున్నారు. ఔషధముల కొఱకు తప్ప మత్తుపదార్థముల వాడుకను నిషేధించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని రాజ్యాంగము 47వ అధికరణము ఆదేశించుచున్నది. 1968 నాటి ఆబ్కారీ చట్టము, రాష్ట్రము వేఱుపడిన పిమ్మట తెలంగాణమునకు అన్వయింపబడి, నేఁటికిని అమలులో నున్నది. దానిక్రింద దుకాణమునకు వేఱు, బారునకు వేఱు, క్లబ్బునకు వేఱు, ఒకనాటి వేడుకకు వేఱు లైసెన్సు కలదు. ఈ భేదము ఊరక కల్పింపబడినది కాదు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క కారణము కలదు.

క్లబ్బునకు ప్రత్యేకపు లైసెన్సు ఏల? క్లబ్బనునది సభ్యులందఱి యుమ్మడి యిల్లు అను భావన దానికి మూలము. సభ్యులు తమ సొమ్ముతో కొని నిలువచేసికొన్న సరకును తామే పంచుకొనుచున్నారు. అమ్మువాడును కొనువాడును ఒక్కడే యగునప్పుడు అమ్మకమే లేదు. ఈ న్యాయము ననుసరించియే మద్రాసులోని యంగ్‌మెన్సు ఇండియన్ అసోసియేషన్ విషయములో 1970లోను, కలకత్తా క్లబ్బు విషయములో 2019లోను సుప్రీముకోర్టు, సభ్యులకు సరఫరా చేసిన దానిపై అమ్మకపు పన్ను చెల్లదని తీర్పు చెప్పెను. పన్ను విషయము పన్నుదే. లైసెన్సు విషయము లైసెన్సుదే. అయినను రెంటికిని ఆధారమైన భావన యొక్కటే. క్లబ్బు ఇల్లువంటి దగుటచేతనే దానికి ఇంటి మర్యాద దక్కుచున్నది.

ఇక వినోదముల మాట. క్లబ్బులో సభ్యుడొకడు పాట పాడుటకును, ఏటికొకసారి వార్షికోత్సవము జరుపుకొనుటకును ఎవ్వరి యభ్యంతరమును లేదు. కాని వెలుపలి గుత్తేదారుడు వచ్చి, ప్రకటనలు వేసి, టిక్కెట్లమ్మి, డప్పు యంత్రములు మ్రోగించి, ఊరివారినెల్ల లోపలికి రప్పించి మద్యము పోయించినచో అది ఇల్లెట్లగును? ఒకపూటకు సభ్యత్వమని యొక చీటి వ్రాసియిచ్చి వచ్చినవారినెల్ల సభ్యులని పిలిచినచో ఆ మాటకు అర్థమేమి? అది తలుపు మూసిన బారు మాత్రమే. బారు నడుపదలచువారు బారు లైసెన్సునకే దరఖాస్తు చేసికొని, దాని రుసుమును చెల్లించి, దాని నిబంధనలకు తలయొగ్గవలెను.

ఈ విచక్షణకు మన నగరమునందే యొక ప్రమాణము కలదు. సికిందరాబాదులోని యొక క్లబ్బులో రమ్మీ యాడుచుండగా పోలీసులు పట్టుకొని పెట్టిన వ్యాజ్యము సుప్రీముకోర్టు వఱకు పోయెను. 1967లో న్యాయమూర్తులు రమ్మీ నేర్పుతో కూడిన ఆటయనియు, క్లబ్బు వసతుల కొఱకు స్వల్పరుసుము వసూలు చేసినంత మాత్రమున అది జూదగృహము కాదనియు తీర్పు చెప్పిరి. అయితే ఆట పేర క్లబ్బు యజమాని లాభము గడించుచున్నట్లు సాక్ష్యమున్నచో నేరము నిరూపింపవచ్చునని కూడ సూచించిరి. లాభము ఎవరికి పోవుచున్నది అను ప్రశ్నయే అచ్చట గీటురాయి. పేకాటకు పనికివచ్చిన గీటురాయి మద్యమునకు పనికిరాదా?

క్లబ్బుల పక్షమున చెప్పబడు వాదములను మేము ఎఱుగుదుము. దారిప్రక్కన త్రాగి తూలుటకంటె నాలుగు గోడల మధ్య మర్యాదగా త్రాగుట మేలనుచున్నారు. విదేశముల నుండి వచ్చు వర్తకులకు అతిథిసత్కారము చేయవలదా యనుచున్నారు. ఖజానాకు ఆదాయము వచ్చుచుండగా కాదననేల యనుచున్నారు. మొదటి వాదములో కొంత సత్యము కలదు. గోడలు నిజముగా గోడలై, లోపలివారు నిజముగా సభ్యులైనంత వఱకు దానిని మేము కాదనము. రెండవదానికి సమాధానము సులభము. ఈ ప్రాంతమున అతిథులకు హోటళ్లకు కొదువలేదు. నివాసగృహముల నడుమ అర్ధరాత్రి వాద్యఘోష లేకున్న వర్తకము నిలిచిపోదు. ఇక మూడవది. తెలంగాణ ప్రభుత్వమునకు ఇటీవలి సంవత్సరములలో మద్యముపై సుంకము, అమ్మకపు పన్ను కలిసి ఏటేట ముప్పది వేల కోట్ల రూపాయలకు పైబడి చేరినవి. ఇంత సొమ్ము చేతికందుచున్న ప్రభుత్వము మఱికొన్ని క్లబ్బుల రుసుము లేనిచో దివాలా తీయదు. రోగములకును, రోడ్డు ప్రమాదములకును, చెడిన సంసారములకును అగు వ్యయమును ఖజానా లెక్కలలో ఎవ్వరును వ్రాయుట లేదు.

మద్యమును గూర్చిన పోరాటము తెలుగువారికి క్రొత్త కాదు. 1930 జనవరిలో గాంధీమహాత్ముడు ప్రకటించిన పదునొకండు కోరికలలో మొట్టమొదటిది సంపూర్ణ మద్యనిషేధము. 1937లో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో నిషేధము నారంభించి, మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడి రాష్ట్రము నంతటిని కదలించిరి. అక్షరాస్యతా ఉద్యమములో ఓనమాలు దిద్దుకొన్న కూలితల్లులు ప్రభుత్వములను దిగివచ్చునట్లు చేసిరి. 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో శ్రీ నందమూరి తారక రామారావు ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును అమలుపరచెను. 1997లో ఖజానా కొఱతను చూపి శ్రీ చంద్రబాబునాయుడు ప్రభుత్వము దానిని సడలించెను.

ఈ చరిత్రనుండి నేర్చుకొనవలసిన దొకటి కలదు. 1993లో పేదవాని సారా పోయెను. కలవాని సీసా నిలిచియుండెను. అది పోవుటకు మఱి పదునైదు నెలలు పట్టెను. తిరిగి వచ్చునప్పుడు సీసాయే ముందు వచ్చెను. కూలివాడు త్రాగిన నది వ్యసనము, క్లబ్బులో త్రాగిన నది నాగరికత యను భేదభావము మన పాలకుల మనస్సులనుండి నేఁటికిని తొలగలేదు. సికిందరాబాదు క్లబ్బు 1878లో ఆంగ్లసైనికోద్యోగుల వినోదము కొఱకు వెలసినది. దొరలు పోయిరి గాని, కొందఱి సుఖమునకు చట్టము ప్రక్కకు తొలగవలెనను దొరతనపు అలవాటు పోలేదు. సంపూర్ణ నిషేధమే మా యాదర్శము. ప్రజల మనస్సులు సిద్ధము కానిదే అది నిలువదని 1997 మనకు నేర్పినది. ఆ దినము వచ్చు వఱకు, ఉన్న చట్టమైనను అందఱికి సమానముగా వర్తింపవలెనని మేము కోరుచున్నాము.

శబ్దమును గూర్చియు ఒకమాట. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములందు రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వఱకు ధ్వని 45 డెసిబెల్సు మించరాదు. 2022లో జూబ్లీహిల్సు నివాసులు పబ్బుల రొద భరింపజాలక ఉన్నత న్యాయస్థానము నాశ్రయింపగా, రాత్రి 10 దాటిన పిమ్మట సంగీతము వలదని న్యాయస్థానము ఆ యేటి సెప్టెంబరులో ఉత్తరువు చేయవలసివచ్చెను. గృహస్థుడు తన నిద్రకొఱకు హైకోర్టు మెట్లెక్కవలసిన దుస్థితి శేరిలింగంపల్లివారికి రాకుండ ముందే జాగ్రత్తపడుట పాలకుల విధి.

కాబట్టి అనుజ్ఞ లిచ్చు అధికారులకు మేము చేయు సూచనలివి. మొదటిది: లైసెన్సు కోరు క్లబ్బు నిజముగా సభ్యులదేనా యని పరీక్షింపవలెను. సభ్యుల పట్టిక, ఎన్నికైన కార్యవర్గము, తనిఖీ యైన లెక్కలు చూపవలెను. మద్యశాలను గుత్తకిచ్చిన క్లబ్బునకు క్లబ్బు లైసెన్సు చెల్లరాదు. రెండవది: మద్యము సభ్యులకును, సభ్యుడు సంతకము చేసి తోడ్కొని వచ్చిన అతిథులకును మాత్రమే యీయవలెను. టిక్కెట్టుపెట్టి జరుపు వినోదమునకు ఆబ్కారీవారి వద్దను పోలీసువారి వద్దను వేఱుగా అనుమతి పొందవలెను. మూడవది: లైసెన్సు ఇచ్చుటకు ముందును, పునరుద్ధరించు ప్రతిపర్యాయమును ఇరుగుపొరుగువారికి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో నోటీసిచ్చి, వారి యభ్యంతరములను బహిరంగముగా విచారింపవలెను. నాల్గవది: రాత్రి 10 దాటిన పిమ్మట వాద్యముల ధ్వని ప్రహరి దాటరాదు. ఐదవది: 21 సంవత్సరములు నిండనివారికి మద్యము చట్టవిరుద్ధము గనుక వయస్సును ద్వారము వద్దనే పరీక్షింపవలెను, త్రాగినవానిని స్వయముగా బండి నడుపనీయక ఇల్లు చేర్చు ఏర్పాటు చేయవలెను, అర్ధరాత్రి పనిముగించుకొను స్త్రీసేవకులకు వాహనము సమకూర్పవలెను.

ఈ నిబంధనలు కాగితముపై నుండుట కష్టము కాదు, అమలుజరుపుటయే కష్టము. పెద్ద క్లబ్బులలో మంత్రులు, ఉన్నతోద్యోగులు, ధనవంతులు సభ్యులుగా నుందురు. తన పై యధికారి బల్ల ముందు కూర్చుండగా ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు ఆ బల్లపై సీసాను లెక్కింపగలడా? కాబట్టి తనిఖీ ఫలితములను ఏటేట ప్రకటించుట అవసరము. ఏ క్లబ్బులో ఎన్నిసార్లు తనిఖీ జరిగినది, ఏ తప్పు కనబడినది, ఏ దండన విధింపబడినది ప్రజలు చూడగలుగవలెను. చీకటిలో ఇచ్చిన లైసెన్సు చీకటిలోనే పెరుగును.

శేరిలింగంపల్లి భూములనమ్మి మేడలు కట్టిన పెద్దలకును, ఆ మేడలలో కాపురముండు పట్టణవాసులకును మా మనవి యొక్కటే. లైసెన్సు వచ్చిన పిమ్మట గోలపెట్టుటకంటె, రాకముందే అధికారులకు వ్రాతమూలముగా మీ యభిప్రాయమును తెలుపుడు. క్లబ్బు సభ్యులైనవారు తమ కార్యవర్గములను లెక్కలడుగుడు. దూబగుంట తల్లులకు ఆస్తిలేదు, పలుకుబడి లేదు. అయినను వారు నోరు విప్పిరి. అన్నియుండియు మనము మౌనము వహించినచో ఆ దోషము ప్రభుత్వముది మాత్రమే కాదు.